ఖాసిం సాయెబు కట్టిన కట్టు

పోయిన నెల స్నానాలగది గడప దగ్గర కాలు జారి కుడి మోకాటి మీద పడ్డాను. ఎనభై దాటిన మనిషి పడితే ఇంట్లోవాళ్ళకు పుట్టే కంగారు ముందు పడినవాళ్ళ నొప్పి చిన్నబోతుంది. కర్నూలులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. మా మనవడి ఈడు పిల్లవాడు. నా మోకాటి ఫొటోను కంప్యూటరు తెర మీద పెట్టి, చిప్పలో వెంట్రుకంత గీత ఒకటి చూపించి, నా వైపు తిరిగేసరికి నేను కాలు మడవకుండా నిటారుగా పైకెత్తి పట్టుకొని ఉన్నాను. తాను అడగబోయింది అదేనట. కాలు అట్లా లేచిందంటే తొడ కండ నుంచి మోకాటి కింది ముంగాలి దాకా ఉన్న పట్టు తెగలేదని, కోతతో పని లేదని, ఆరు వారాలు పట్టీ వేసుకుంటే చాలని అర్థమట. ఈ పరీక్ష మీకెవరు నేర్పారని అడిగాడు. ఖాసిం సాయెబు అన్నాను. ఏ ఆసుపత్రిలో చేస్తారాయన అన్నాడు. ఆసుపత్రిలో కాదు నాయనా, పత్తికొండ దగ్గర పల్లెలో విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాడు అన్నాను. ఆ అబ్బాయి మర్యాదగా నవ్వి, అట్లాంటి నాటుకట్ల వాళ్ళు వంకర చేసి పంపిన కాళ్ళను చూడటంతోనే తనకు సగం రోజు గడిచిపోతుందని చెప్పాడు. నేనేమీ అనలేదు. ఖాసిం సాయెబు మాట వచ్చినప్పుడు ఏమీ అనకుండా ఊరుకోవడం నాకు బాగా అలవాటు. అరవై ఏళ్ళు దాటింది ఆ అలవాటుకు.

పదిహేడో ఏట పెళ్ళయి నేను పోయింది పరాయి ఇంటికేమీ కాదు, మా అమ్మ పుట్టింటికే. అమ్మకు ఇద్దరన్నలు. పెద్దాయన కొడుక్కే నన్నిచ్చి చేశారు. మా ఆయన అప్పుడు మద్రాసులో చదువుతున్నాడు కాబట్టి, మొదటి రెండేళ్ళు నేను కాపురం చేసింది పెద్దమామతోనూ చిన్నమామతోనూ, వాళ్ళ భార్యలైన పెద్దత్త, చిన్నత్తలతోనూ. ఊరు పత్తికొండకు నాలుగు కోసుల దూరం. బనగానపల్లె మామిడితోపుల నీడలో పెరిగిన నాకు ఆ ఊళ్ళో అన్నిటికంటే ముందు కనపడింది ఆకాశం. దానికి అడ్డంగా చెట్టు అనేది లేదు మరి. ఇల్లు పెద్ద మట్టిమిద్దె. నడుమ ముంగిలి, ముంగిలికి ఆ పక్క పెద్దమామ గదులు, ఈ పక్క చిన్నమామ గదులు, వాకిటి దగ్గర ఎద్దులు. పొద్దున లేస్తూనే ఎద్దుల కోసం ఉడికే ఉలవల వాసన, ఆ తర్వాత రెండు పొయ్యిల మీద ఇద్దరత్తలు జొన్నరొట్టెలు తట్టే చప్పుడు. పెద్దత్త తట్టు నిదానం, చిన్నత్త తట్టు జోరు. కళ్ళు మూసుకున్నా ఎవరి రొట్టె తయారవుతోందో చెప్పగలిగేదాన్ని. పెద్దమామ వేపపుల్ల నోట్లో పెట్టుకుంటే గంటసేపు తీసేవాడు కాదు. ఆ గంటలో ఎవరేమడిగినా పుల్ల అటునుంచి ఇటు మారడమే జవాబు. చిన్నమామ మంచం మీద పడుకొని, నిన్నటి పేపరును ఇవాళ గట్టిగా చదివేవాడు. అప్పుడు కర్నూలు రాజధాని. డేరాల్లో కూర్చుని మంత్రులు ఏమేం చేస్తున్నారో మా ఇంటి ఎద్దులకు కూడా తెలిసేది.

నేను పోయేసరికి ఆ అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసి ఎనిమిది నెలలు. కారణం భూమి కాదు, పార్టీ కాదు, ఒక ఎద్దు. ఇంటికి ఒకటే జత. కానీ ఒక ఎద్దును పెద్దమామ, ఒకదాన్ని చిన్నమామ చేతులారా మేపారు. ఉగాదికి పక్క ఊళ్ళో బండలాగుడు పందెంలో ఆ జత గీత దాటబోతుండగా చిన్నమామ ఎద్దు ముందుకాళ్ళు మడిచి కూలబడింది. జనమంతా వింటుండగా పెద్దమామ, లోపం ఎద్దులో లేదు, మేపినవాని చేతిలో ఉండాది అన్నాడట. అంతే. పెద్దమామ ఆ మాట మరిచిపోయాడు, చిన్నమామ మరిచిపోలేదు. చిన్నమామ మరిచిపోలేదని తెలిసి పెద్దమామకు కోపం వచ్చింది. ఆనాటి నుంచి ఒకే ముంగిట్లో ఉంటూ ఒకరి మాట ఒకరికి భార్యల ద్వారా అందేది. నేను కోడలిగా పోయాక ఆ పని నాకు వచ్చింది. చిన్నప్పటి నుంచి ఎరిగిన మేనకోడలిని కాబట్టి ఇద్దరూ నన్ను నమ్మేవాళ్ళు. నేను వాళ్ళ మాటల్లోని కారం కొంచెం తీసి అందించేదాన్ని, అది ఇద్దరికీ తెలుసు.

చివరికి ముంగిలికి అడ్డంగా గోడ పెట్టాలని నిర్ణయించుకున్నారు. ఎనిమిది నెలల్లో వాళ్ళిద్దరూ ఏకమై తీసుకున్న నిర్ణయం అదొక్కటే. మట్టిగోడయితే వానకు కరుగుతుందని, నాపబండలు నిలువుగా పాతిద్దామని అనుకున్నారు. అవి మనిషెత్తు పలకలు, ఒక్కొక్కటి మోయడానికి నలుగురు కావాలి. ముంగిలి నడుమ మోకాలి లోతు కాలువ తీయించారు. బండల్ని బండ్ల మీద తెప్పించారు. కూలీలకు గోడ నిలబెట్టడం వచ్చు గానీ, తాము దగ్గరుండి చూడకపోతే ఎదుటివాని వైపు జానెడు జరుగుతుందని ఇద్దరికీ అనుమానం. అందుకని పెద్దమామ కాలువకు ఆ గట్టున, చిన్నమామ ఈ గట్టున నిలబడ్డారు. మొదటి బండను కాలువలోకి దించుతుంటే పెద్దమామ వంగి, ఇంకొంచెం అటు, ఇంకొంచెం అటు అంటూ చేత్తో చూపిస్తున్నాడు. ఆ అటు అనేది చిన్నమామ వైపు. తాడు జారింది. బండ ఒరిగి పెద్దమామ ఎడమకాలి మీద, మోకాటికి బెత్తెడు కింద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు నేను వంటింట్లోంచి విన్నాను.

నేను బయటికి వచ్చేసరికి చిన్నమామ గాలిలో ఉన్నాడు. కాలువ మీదుగా దూకుతున్నాడు. అన్నా అని ఆయన అరిచిన అరుపు నేను విన్నాను, ఇద్దరత్తలు విన్నారు, కూలీలు విన్నారు. అవతలి గట్టు మీద పరిచిన బండ అంచున కాలు జారి, మడిచిన మోకాలు మడిచినట్టే ఆ అంచుకు కొట్టుకొని పడ్డాడు. తర్వాత ఎన్నడు అడిగినా, తాను అరిచింది అన్నా అని కాదు, అమ్మా అని, అదీ మోకాలు తగిలినాక అని చిన్నమామ సాధించాడు. మేమెవరం వాదించలేదు. మేం వాదించే తీరికలో లేము. ముంగిట్లో చెరొక గట్టున ఉండాల్సిన అన్నదమ్ములు ఒకే గట్టున పక్కపక్కన పడి ఉన్నారు, మొఖాలు మాత్రం చెరొక దిక్కుకు పెట్టుకొని.

సాయంత్రానికి ఖాసిం సాయెబు వచ్చాడు. అయిదారు ఊళ్ళకు ఎముకల పని ఆయనదే. సన్నగా, పొట్టిగా, తెల్లగడ్డంతో, చేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనంత పెద్దవిగా ఉండేవి. ముందు పెద్దమామ దగ్గర కూర్చున్నాడు. ముంగాలికి ముందువైపు కండ ఉండదు, తోలు కిందే ఎముక అంచు కత్తి మాదిరి ఉంటుంది. ఆ అంచు మీద బొటనవేలు పైనుంచి కిందికి జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆపాడు. ఈడ తెగింది అన్నాడు. బయటివైపు ఉండే సన్నెముక కూడా విరిగిందని, దాన్ని తాను పట్టించుకోనని, పెద్దది నిలబడితే చిన్నది దానంతట అదే సర్దుకుంటుందని నాకు చెప్పాడు, నేను దీపం పట్టుకొని పక్కనే ఉన్నాను కాబట్టి. చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో ఈ రెండు ఎముకలకు అంతర్జంఘిక, బహిర్జంఘిక అనే పేర్లు చదివి, ఇంత పెద్ద పేర్లు మోసే ఎముకలు ఒక్క నాపబండకు విరిగిపోయాయా అనుకున్నాను. సాయెబు ఇద్దరు కూలీలను తొడ పట్టుకోమని, తాను మడమ పట్టి నిదానంగా లాగాడు. పెద్దమామ నోట్లో వేపపుల్ల రెండు ముక్కలైంది గానీ అరుపు రాలేదు, తమ్ముడు వింటాడు కదా. కాలు పొడవు సమానమయ్యాక కోడిగుడ్ల సొన, మినప్పిండి కలిపి పూసి, గుడ్డ చుట్టి, వెదురుబద్దలు చుట్టూ పేర్చి కట్టాడు. చివరన ఒక దారం తీసి, కాలి బొటనవేలు, మోకాటి చిప్ప నడిమిభాగం, నడుము ఎముక మూడూ ఒకే గీతలో ఉన్నాయో లేదో పట్టి చూశాడు. ఉన్నాయి. నా కళ్ళతో నేను చూశాను. నలభై అయిదు దినాలు కాలు కదపగూడదని, ముఖ్యంగా బండి కుదుపు పడగూడదని మూడుసార్లు చెప్పాడు.

చిన్నమామ దగ్గరికి వచ్చి మాత్రం ఆయన ఎక్కువసేపు కూర్చోలేదు. మోకాలు తాటిపండంత ఉబ్బింది. కాలు మడవకుండా పైకెత్తమన్నాడు. చిన్నమామ పళ్ళు బిగించి ప్రయత్నించాడు, తొడ వణికింది గానీ మడమ మంచం మీంచి లేవలేదు. సాయెబు వాపు మీద వేలు మెల్లగా ఒత్తి, చిప్ప ఉండాల్సిన చోట వేలు దిగబడేంత సందు ఉందని నాకూ పట్టి చూపించాడు.

"ఇది నా పని గాదప్పా. చిప్ప పగిలిపోయిండాది. తొడకండ పైముక్కను పైకి గుంజుతాంటాది, కిందిముక్క కిందనే ఉంటాది. ఎంత బిగిచ్చి కట్టినా రెండూ కలవవు. కర్నూలు ఆసుపత్రికి పోండి."

చేతకాని పని చేతకాదని చెప్పే వైద్యుణ్ణి అంతకుముందు నేను చూడలేదు, ఆ తర్వాతా పెద్దగా చూడలేదు. కానీ చిన్నమామకు అది అవమానంగా తోచింది. అన్న కాలికి గంటసేపు చేసి, తన కాలిని ముట్టుకొని వదిలేశాడని, ఇందులో అన్న మాట ఏదో ఉందని రెండు దినాలు రుసరుసలాడాడు. మూడోనాడు వాపు నల్లబడ్డాక ఒప్పుకున్నాడు. చిన్నత్తకు అయిదో నెల, బస్సు కుదుపు కూడదన్నారు. ఎనిమిదో తరగతి చదివి, బస్సు బోర్డులు చదవగలిగిన ఆడమనిషిని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. అట్లా నేను చిన్నమామ వెంట కర్నూలు పోయాను.

ఆసుపత్రి ఫినాయిలు వాసనకు నాకు మొదటి దినమంతా అన్నం సహించలేదు. డాక్టరు కోస్తా వైపు మనిషి, ప్రతి మాటకూ అండి తగిలించేవాడు. చిన్నమామ జీవితంలో తనను ఒక డాక్టరు అండి అనడం అదే మొదలు కాబట్టి, ఆయన మీద వెంటనే గురి కుదిరింది. డాక్టరు ఫొటో తీయించి, బల్ల సొరుగులోంచి ఎండిన మోకాటి చిప్ప ఒకటి తీసి చిన్నమామ అరచేతిలో పెట్టాడు. కిందికి మొనదేలిన చిన్న బిళ్ళ. ముందువైపు గరుకు, వెనకవైపు పింగాణీ గిన్నె మాదిరి నున్నగా ఉంది. ఇది పక్క ఎముకలకు అతుక్కొని ఉండదని, తొడకండ నుంచి వచ్చే గట్టి నరంలో ఇమిడి ఉంటుందని, ఆ నరం దీని మీదుగా జారి ముంగాలిని లేపుతుందని చెప్పాడు. చిన్నమామ కాసేపు దాన్ని తిప్పి చూసి, అంటే మోటబావి మీద గిలక అన్నమాట అన్నాడు. డాక్టరుకు మోటబావి తెలియదు. చిన్నమామ ఆయనకు మోట, తాడు, గిలక అన్నీ విడమరిచి చెప్పాడు. డాక్టరు శ్రద్ధగా విని, అంతేనండి, మీ గిలక అయిదు ముక్కలయిందండి, తీసేసి తాడు కుట్టేయాలండి అన్నాడు. గిలక లేకుండా మోట లేస్తుందా అని చిన్నమామ అడిగాడు. లేస్తుందని, కొంచెం బలం తగ్గుతుందని, మెట్లెక్కేటప్పుడు తెలుస్తుందని డాక్టరు చెప్పాడు.

చిన్నమామ బాగా ఆలోచించి ఒప్పుకొని సంతకం చేశాడు. అప్పుడు డాక్టరు, మత్తు ఇచ్చి చేసే పని కాబట్టి ఇంటి పెద్ద ఒకరు కూడా సంతకం చేయాలన్నాడు. నేను చాలనట, పదిహేడేళ్ళ పిల్లనట. మా నాయన చనిపోయి అప్పటికి నాలుగేళ్ళు. మా ఆయన మద్రాసులో ఉన్నాడు. ఇంక మిగిలింది పెద్దమామే. ఆ పేరు ఎత్తగానే చిన్నమామ ఆ కాగితాన్ని మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. నా ఎముక తీయించుకునేదానికి వాని అనుమతి యాలనా అన్నాడు. ఒక దినం పోయింది. రెండో దినం డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఆలస్యమయ్యే కొద్దీ తొడకండ బిగిసి పొట్టిదవుతుందని, తర్వాత కుట్టినా అందదని, ఎల్లుండి మించితే తన చేతిలో లేదని చెప్పాడు. నేను ఒక చీటీ రాసి, పత్తికొండ బస్సు డ్రైవరుకిచ్చి, మా ఊరి బండి కనపడితే ఇవ్వమన్నాను. అందులో సంతకం కావాలని రాశానే తప్ప రమ్మని రాయలేదు. ఇది నేను ఇప్పటికీ గట్టిగా చెప్పగలను.

మరుసటి దినం మధ్యాహ్నం ఆసుపత్రి ముందర శెనక్కాయ మూటల లారీ ఒకటి ఆగింది. మూటల పైన, గడ్డి పరిచిన పరుపు మీద, వెదురుబద్దల కట్టుతో పెద్దమామ పడుకొని ఉన్నాడు. మా సేద్యగాడు సవారప్ప ఆయన కాలిని రెండు చేతులా పట్టుకొని కూర్చున్నాడు. ఇంటి దగ్గర్నుంచి పత్తికొండకు ఎద్దులబండి, అక్కణ్ణుంచి లారీ. ఆ కాలపు రోడ్డు. ఎండకూ నొప్పికీ పెద్దమామ మొఖం బూడిదరంగులోకి తిరిగింది. దించడానికి ఒప్పుకోలేదు. దిండు కింది కాగితం నేను ఎట్లనో సంపాదించి తెస్తే, కాంపౌండరు లారీ చక్రమెక్కి అందించాడు. పెద్దమామ పడుకొనే సంతకం చేశాడు. లోపలికి వచ్చి తమ్ముణ్ణి చూడమన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"నేనొచ్చినట్ల వానికి చెప్పాకు పాపా. ఇంట్లో సాయెబు కాడికి కట్టు మార్పిచ్చుకునేకి పోతాండానని చెప్పి వచ్చినా. నువ్వూ అదే మాట మీద ఉండు."

లారీ తిరిగి వెళ్ళేటప్పుడు నేను కట్టు వైపు చూశాను. బొటనవేలు బయటివైపుకు తిరిగి ఉంది. సవారప్ప చేత సంతకం పంపించి ఉంటే సరిపోయేదని, తెల్లకాగితం మీద రాసిచ్చినా డాక్టరు ఒప్పుకునేవాడని, చాలా కాలం తర్వాత ఒకసారి పెద్దమామతో అన్నాను. ఆయన వేపపుల్ల ఇటునుంచి అటు మార్చి, ఆ ఆలోచన తట్టలేదు పాపా అన్నాడు. ఆ చుట్టుపక్కల వ్యాజ్యాల కాగితాలన్నీ రాసిపెట్టే మనిషి ఆయన.

మరునాడు చిన్నమామకు కోత చేశారు. అయిదు ముక్కలూ స్పిరిట్ సీసాలో వేయించి తెచ్చుకున్నాడు, రేపు చితి మీద కాలేనాడు ఒక ఎముక తక్కువైతే బాగుండదని. ఇంటి పెద్ద సంతకం లేకుండానే డాక్టరు ఒప్పుకున్నాడని నేను చెప్పిన అబద్ధాన్ని ఆయన ఎంతగా నమ్మాడంటే, కర్నూలు పెద్ద డాక్టరు కూడా తన ఒక్క సంతకానికి విలువ ఇచ్చాడని జీవితాంతం చెప్పుకున్నాడు. మూడు వారాలకు తొడ నుంచి మడమ దాకా సిమెంటు కట్టుతో ఇంటికి వచ్చాం. ముంగిట్లో కాలువ అట్లనే ఉంది. నడుమ ఒక వాన పడింది. నాపబండలు గోడకు ఆనించి ఉన్నాయి. ఒకదాని మీద పెద్దత్త బట్టలు ఉతుకుతోంది. అజమాయిషీకి మగవాళ్ళిద్దరూ లేవలేరు కాబట్టి గోడ పని ఆగింది. తవ్విన మట్టి ఊరికే పోవడమెందుకని చిన్నత్త కాలువ పొడుగునా చిక్కుడు గింజలు పెట్టింది. కిటికీలో ఊరగాయ జాడీల పక్కన ఉన్న ఎముకల సీసాను చూడలేక, ఒకనాడు దాన్నీ తీసుకుపోయి చిక్కుడు పాదు కింద పూడ్చింది. ఆ ఏడు చిక్కుళ్ళు బాగా కాశాయి. చిన్నమామ కూడా తిన్నాడు.

పగలంతా పడసాలలో రెండు మంచాలు పక్కపక్కనే వేయాల్సి వచ్చింది. ఇద్దరికీ చెరొక చోట సేవ చేసేంత మంది మేము లేము. నల్లేరు పచ్చడి, జొన్నరొట్టె, ఉలవచారు. ఎముక అతకాలని రోజూ నల్లేరే. నాలుక దురద పెడుతుందని ఇద్దరూ ఒకేసారి మొఖం చిట్లించేవాళ్ళు, ఒకరినొకరు చూడకుండా. చిన్నమామ పేపరు చదివేవాడు. మధ్యలో ఆగితే పెద్దమామ దగ్గేవాడు, అంటే తర్వాత ఏమైందని. చిన్నమామ గోడకు చెప్తున్నట్టు మిగతాది చదివేవాడు. నా పని కొంచెం తగ్గింది.

నలభై అయిదో దినం ఖాసిం సాయెబు కట్టు విప్పడానికి వచ్చాడు. నేను వేడినీళ్ళు పోస్తుంటే బద్దలు ఒక్కొక్కటే తీశాడు. ఎండిన గుడ్డుసొన పొట్టు మాదిరి రాలింది. బొటనవేలు ఎముక అంచు మీద పెట్టి కిందికి జరిపాడు. నడుమ ఆగిపోయాడు. మళ్ళీ పైనుంచి జరిపాడు. దారం తీసి పట్టాడు. దారం ఒక దిక్కు, కాలు ఒక దిక్కు. ముంగాలి కొడవలి మాదిరి బయటికి వంగి, అంగుళం పొట్టిదయింది. ఆయన తల ఎత్తి, యాడికి పోయింటివప్పా అని పెద్దమామను అడిగాడు. పెద్దమామ ఏదో అనేలోపలే పక్క మంచం మీది నుంచి చిన్నమామ లేచి కూర్చున్నాడు.

"యాడికి పోతాడు? నీ కాడికే గదా వచ్చింది, కట్టు మార్పిచ్చుకునేకి. నువ్వే తిప్పి కట్టినావు. మా అన్నను కుంటోన్ని జేసినావు గదప్పా."

మా అన్న. ఏడాది దగ్గర పడుతోంది ఆ మాట విని. పెద్దత్త చేతిలోని చేట అట్లనే నిలిచిపోయింది. సాయెబు చిన్నమామను చూశాడు, తర్వాత పెద్దమామను చూశాడు. పెద్దమామ మిద్దె దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు. సాయెబు నన్నూ చూశాడు. నేను నీళ్ళచెంబు వైపు చూశాను. చెప్పడానికి నాకు నోరుంది, తెలివి ఉంది, పెద్దమామ సాయెబు దగ్గరికి పోనేలేదని తెలిసినవాళ్ళం ఆనాడు ఆ పడసాలలో ముగ్గురం ఉన్నాం. సాయెబు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"అవునప్పా. వచ్చినాడు. ఆ పొద్దు నా చేయి తప్పింది" అన్నాడు.

ఎముక ఇంకా పచ్చిగానే ఉందని, ఇప్పుడైనా మళ్ళీ విరిచి సరిగ్గా కడతానని అన్నాడు. ఇంకొకసారి మా అన్న కాలు ముట్టుకుంటే ఊరుకునేది లేదని చిన్నమామ సిమెంటు కాలితోనే మంచం దిగబోయాడు. ఆ అడ్డుకోవడంతోనే అన్న కుంటితనం ఖాయమైందని ఆయనకు తెలియదు. సాయెబు బద్దలు మూటకట్టుకొని పోయాడు. ఆ సాయంత్రం నుంచి అన్నదమ్ములు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మొదటి నెల వాళ్ళు మాట్లాడుకున్నదంతా సాయెబు పనితనం గురించే. చిన్నమామ తిట్టేవాడు, పెద్దమామ పోనీలేరా అనేవాడు. గోడ సంగతి ఎవరూ ఎత్తలేదు.

సాయెబు ఊరి మీదుగానే కర్నూలు బస్సు పోయేది. కాళ్ళు విరిగినవాళ్ళు ఆయన ఇల్లు దాటి బస్సెక్కడం మొదలైంది. అంత పెద్ద ఇంట్లోనే చేయి తప్పినవాడు మన ఇంట్లో తప్పడా అని. పెద్దమామ ప్రతి ఎండాకాలం మా పుట్టింటి తోపు నుంచి వచ్చిన మామిడిపండ్లలో మంచివి ఏరి, ఒక గంప సాయెబుకు పంపించేవాడు. కాలు కుంటి చేసినవానికి పండ్లు పంపించే పిచ్చివాణ్ణి ఈ సీమలో యాడా చూడలేదని చిన్నమామ ప్రతి ఎండాకాలం మండిపడేవాడు. ఒక ఏడు ఆ గంప నేనే తీసుకుపోయాను. సాయెబు చింతచెట్టు కింద మేకలకు మేత వేస్తున్నాడు. నేను తప్పు చేశామని చెప్పబోతే వినిపించుకోకుండా, పెద్దప్ప మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడుతున్నాడని అడిగాడు. ఎడమకాలు అన్నాను. అది మంచిదే అన్నాడు. చిన్నప్ప ఎట్లున్నాడని అడిగి, ఇద్దరూ పొద్దున చేనికి కలిసే పోతారని చెప్తే తల ఊపాడు. నేను లేచి వస్తుంటే వెనకనుంచి పిలిచాడు.

"అయినా పాపా, నా కట్టు కదల్లేదు. ఆయప్ప కదిలినాడు. అది నీకైనా తెలుసు గదా."

తెలుసన్నాను. ఆయనకు అంతే కావాల్సి వచ్చినట్టుంది. ఆ తర్వాత రెండేళ్ళకు పోయాడు.

ఇప్పుడు నా కాలికి వేసిన పట్టీ గాలికంటే బరువు లేదు, అంటించి ఊడదీసే రకం. సంతకాలు నేనే చేశాను. ఇంటి పెద్ద ఎవరని ఎవరూ అడగలేదు. సంతకం కోసం యాభై మైళ్ళు మూటల మీద పడుకొని వచ్చే పని ఇప్పుడు ఎవరికీ లేదు. ఫోనుకు ఒక అంకె వస్తుంది, అది చెప్తే చాలు. ఇది మంచిదే, నేను కాదనను. పెద్దమామ కాలు ఈ కాలంలో విరిగి ఉంటే లోపల కడ్డీ వేసి, నాలుగోనాడు నడిపించి ఉండేవాళ్ళు, వంకర పోయేది కాదు. అన్నదమ్ములు ఎప్పుడు మాట్లాడుకొని ఉండేవాళ్ళో మాత్రం నాకు తెలియదు. చిన్నమామ మోకాలిని డాక్టరు బాగుచేశాడు, ఆయన పేరు నిలిచింది. పెద్దమామ ముంగాలిని సాయెబు బాగుచేశాడు, ఆయన పేరు పోయింది. ఆ తర్వాత మా ఊళ్ళో ఎవరైనా నాటుకట్టును తిట్టాలంటే మా పెద్దమామ కాలే సాక్ష్యం.

పెద్దమామ పోయాక పదేళ్ళకు కాబోలు, నిజం చెప్పాలని నేను ఒకసారి చిన్నమామ దగ్గరికి పోయాను. ఇంక దాచి ప్రయోజనం లేదు, నాకూ జుట్టు నెరిసింది, సాయెబు మనవలు ఆ ఊళ్ళోనే ఉన్నారు, వాళ్ళకైనా ఆ మాట అందితే బాగుంటుందని. చిన్నమామ అరుగు మీద ఎండకు కూర్చొని, చిప్ప లేని మోకాటి గుంతలో వేలు పెట్టి తిప్పుకుంటున్నాడు. అది ఆయన అలవాటు. నేను, మామా, ఆ రోజు కర్నూలులో అని మొదలుపెట్టాను. కర్నూలు అనగానే ఆయన అందుకున్నాడు. ఆ డాక్టరు ఎంత మర్యాదస్తుడో, తన ఒక్క సంతకంతోనే ఎట్లా పని చేశాడో చెప్పి, అక్కణ్ణుంచి సాయెబు మీదికి వచ్చాడు. మా అన్న నడక చూసి ఊరు వాచీలు సరిచేసుకుంటాండె పాపా, అట్లాంటి మనిషిని ఆ ముసలోడు వంగదీసినాడు, నేను ఆ పొద్దు ఇంట్లో ఉండింటే అన్నను బండెక్కనిస్తాంటినా, తమ్ముడు పక్కన లేక గదా ఆయప్ప ఒక్కడే పోయింది అన్నాడు. అంటూ అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను లేచి, కాఫీ తాగుతావా మామా అని అడిగాను. తాగుతానన్నాడు.